ముందు చేతులు చూడు

అమ్మాయీ,

నెల్లూరులో తాగుడు మాన్పించే కేంద్రంలో చేరావనీ, అక్కడివాళ్ల చేత ధ్యానం చేయిస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చిన్న సంగతులు నీకు తెలిసినవే. తిన్న వెంటనే కూర్చోబెట్టకు. కళ్లు మూసుకోవాలంటే భయపడేవాళ్లను తెరిచే ఉంచుకోమను. మొదట్లో ఐదు నిమిషాలు చాలు. సర్కారు వాళ్ల సహాయ నంబరు 14446 గోడ మీద పెద్దగా రాయించు.

నా బెంగ వేరే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించాక మన కలిగిరి వైపు ఊళ్లన్నీ కదిలాయి. మరుసటేడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు. మీ నాన్న ఆ పూటే మానేశాడు. నువ్వింకా పుట్టలేదు. నేనప్పుడు బడిపంతుల్ని, ధ్యానం కొత్తగా పట్టుబడిన పొగరు ఒకటి. మర్నాడు తెల్లారుజామునే వసారాలో చాప పరిచి, ఊపిరి మీద ధ్యాస పెట్టమని కూర్చోబెట్టాను. చేతులు వణుకుతున్నాయి. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. "మనసు నిలుపు బావా, ఒళ్లు కదపకు" అని కసిరాను. మరుసటి రాత్రి గోడ మీద తేళ్లు పాకుతున్నాయని చెప్పు తీసుకుని కొట్టడం మొదలెట్టాడు. గోడ మీద ఏమీ లేదు. కాసేపటికి ఫిట్స్. జీపులో నురగ తుడిచి తుడిచి మీ అమ్మ కొంగు తడిసిపోయింది. "నిన్ననే తేవాల్సింది" అన్నాడు డాక్టరు, నా మొహం చూడకుండా.

రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానితే మొదటి మూడు నాలుగు రోజులు ప్రాణగండం. అది మందులతో, బి1 విటమిన్‌తో, డాక్టరు కళ్ల ముందు గడవాలి. వణుకు, చెమట కనిపిస్తే చాప చుట్టేసి డాక్టర్ని పిలువు. ఏకాగ్రత లేదని ఎవర్నీ తిట్టకు తల్లీ.

అమెరికాలో మార్లట్ అనే మనస్తత్వవేత్త బృందం తయారుచేసిన ఎనిమిది వారాల ధ్యాన పద్ధతి మీద 2014లో 286 మందితో చేసిన పరీక్ష అచ్చయింది. ఏడాది తర్వాత చూస్తే, మిగతా పద్ధతుల వాళ్లకంటే ధ్యానం చేసినవాళ్లకు మత్తు వాడిన రోజులు తగ్గాయి. కానీ వాళ్లంతా మొదటి చికిత్స ముగించుకుని వచ్చినవాళ్లే. అది మరిచిపోకు.

తాగాలన్న కోరికను, లేచి తనంతట తనే పడిపోయే అలలా చూడమంటారు వాళ్లు. కోలుకున్నాక మీ నాన్నే మళ్లీ కూర్చోబెట్టమన్నాడు. సాయంత్రం ఆరు దాటితే నాలుక పీకేది. గడప మీద కూర్చుని "ఇప్పుడు గొంతులో ఉంది... ఛాతీలోకి దిగింది" అని చెప్పేవాడు. పావుగంటకి లేచి అన్నం పెట్టమనేవాడు.

మీ కేంద్రంలో రాత్రిపూట డాక్టరు ఉంటాడా? రేపే కనుక్కుని ఫోన్ చెయ్యి. లేకపోతే నేనే బస్సెక్కి వచ్చి మాట్లాడతా.

మీ మామయ్య