ఉద్యోగం మానేసి డిటెక్టివ్ ప్రేమకథ రాస్తానన్న మేనకోడలికి

చి. శ్రావణికి,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, పిల్ల లీడ్స్‌లో ఉద్యోగం మానేస్తుందిట. టీవీకి కథ రాస్తుందిట. అందులో హత్యలుంటాయిట, ప్రేమ ఉంటుందిట, మళ్ళీ నవ్వు కూడా వస్తుందిట" అని ఒకటే గోల. వాడు వింటున్నంతసేపూ నిన్ను నాలుగు తిట్టాను. ఫోన్ పెట్టేశాక మీ మామయ్యని నిద్రలేపి మరీ చెప్పాను, మన పిల్ల రాస్తోందండీ అని. ఆయన "ఎవరికి?" అన్నారు. సరే, ఆయన సంగతి నీకు తెలిసిందే.

నువ్వు పంపిన మొదటి ఎపిసోడ్ చదివాను. నీ ఇంగ్లీషు గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ హైదరాబాదులో ఏళ్ళ తరబడి సీరియళ్ళకి డైలాగులు రాసినదాన్ని. బ్రిస్టల్లో మీ వదిన ఇంటికి వచ్చినప్పుడల్లా మధ్యాహ్నాలు ఈ రకం కథల ముందే కూర్చున్నదాన్ని. కాబట్టి చెప్తాను, విను.

మామూలు సంగతులు ముందు. ఉద్యోగం ఒక్కసారిగా మానకు, వారానికి మూడు రోజులకి మార్పించుకో. ఎవరు చంపారో, ఎందుకు చంపారో రాసిపెట్టుకున్నాకే మొదటి సీను మొదలుపెట్టు. ఏ కాగితం మీదా సంతకం పెట్టే ముందు రైటర్స్ గిల్డ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్‌లో చేరు, సభ్యుల ఒప్పందాలు వాళ్ళు చదివి లొసుగులు చెప్తారు. వేళకి తిను.

ఇప్పుడు కథ. ఈ బాపతు కథల్లో అందం ఎక్కడుందో అగాథా రైసిన్ మొదటి కథలోనే కనిపిస్తుంది. 2014లో స్కై టీవీ వాళ్ళు వేశారు, యాష్లీ జెన్సన్ వేసింది ఆ పాత్ర. లండన్లో ప్రచార సంస్థ నడిపిన మనిషి పెందరాళే రిటైరై కాట్స్‌వోల్డ్స్ పల్లెటూరికి చేరుతుంది. ఊళ్ళోవాళ్ళలో కలిసిపోవాలని క్విష్ పోటీలో పాల్గొంటుంది. అదేమిటని అడక్కు, గుడ్లూ మీగడా పోసి పొయ్యిలో కాల్చే ఉప్పు వంటకం. ఈవిడకి వంట రాదు, కొట్లో కొని తెచ్చి తన చేతి వంటని పెడుతుంది. అది తిన్న న్యాయనిర్ణేత చచ్చిపోతాడు. చూడు తమాషా! హత్యానుమానం నెత్తిమీద పడ్డా, కొన్న వంటకం అని ఊరందరికీ తెలిసిపోవడమే ఆవిడకి ఎక్కువ చిన్నతనం. చావుకీ పరువుకీ ఒకే తూకం వేసే మనుషులు మనకి తెలుసు కాబట్టే నవ్వొస్తుంది. చనిపోయినవాణ్ణి చూసి కాదు. నీ మూడో సీనులో శవం మీద జోకు ఉంది, తీసెయ్. పోయినవాడికి ఎవరో ఒకరు ఏడవాలి, ఒక్క నిమిషమైనా.

మీ వదిన కారులో బిడెస్టన్ తీసుకెళ్ళింది, ఆ సీరియల్ తీసిన ఊళ్ళలో అదొకటి. బాతుల చెరువు, రాతి ఇళ్ళు. ఇంత నెమ్మదైన ఊళ్ళో ఎవరు ఎవర్ని చంపుతారే అనిపించింది. పక్కింటి కిటికీ తెర కాస్త కదలగానే, ఓహో, ఇక్కడా మా వీధే అనుకున్నాను.

నీ హీరో సముద్రం ఒడ్డున విట్‌బీ ఊళ్ళో గోడ గడియారాలు బాగుచేసే కుర్రాడు, హీరోయిన్ మందుల షాపులో ఫార్మసిస్టు. బాగున్నారు. కానీ అతను గడియారాలు బాగుచేస్తాడని చెప్పావు తప్ప, ఆ పని వల్ల అతనికి ఏం కనబడుతుందో రాయలేదు. జోనథన్ క్రీక్ చూశావుగా. 1997లో బీబీసీలో మొదలైంది, డేవిడ్ రెన్విక్ రాశాడు. గాలిమరలో కాపురం, ఒక మెజీషియన్‌కి గారడీలు కనిపెట్టి ఇవ్వడం ఉద్యోగం. మూసిన గదిలో హత్య జరిగితే అందరూ "ఎవరు?" అంటారు, అతను మాత్రం "మన చూపుని ఎటు తిప్పారు?" అంటాడు. వృత్తే అతని కన్ను. ఆ కన్ను అతనితో కలిసి కేసులు తేల్చే మ్యాడీ మనసులో మాటని మాత్రం పట్టుకోలేదు, ఆవిడా అంతే. ఇద్దరూ తగువులాడుతూ ఉంటే మనం సోఫాలో కూర్చుని తల బాదుకుంటాం. నీ కుర్రాడు ఆగిపోయిన గడియారం చూసి చనిపోయిన వేళ చెప్పడం పాత చింతకాయ పచ్చడి. ఆ అమ్మాయి రోజూ షాపు మూసే వేళకి తన చేతి గడియారం రెండు నిమిషాలు ముందుకి తిప్పుతోందని అతను కనిపెట్టనీ. ఎందుకో ఆవిడ చెప్పనక్కర్లేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. శాటిలైట్ ఛానెళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక సీరియల్‌కి కొందరం కలిసి రాసేవాళ్ళం. కోనసీమలో ఒక ఊరు. బదిలీ మీద వచ్చిన పోస్టుమాస్టరు, ఆ ఊరి లైబ్రరీలో పనిచేసే అమ్మాయి. వారానికొక చిక్కు. దేవుడి నగ మాయమవుతుంది, పోయాడనుకున్నవాడి దగ్గర్నుంచి మనియార్డరు వస్తుంది. ఆయన చేతిరాత చూసి మనిషిని పోల్చేవాడు. ఆవిడ ఎవరు ఏ పుస్తకం ఏ రోజు పట్టుకెళ్ళారో రిజిస్టరు తీసి చెప్పేది. ఇద్దరూ ఎదురుపడితేగానీ చిక్కు విడేది కాదు. ప్రేమన్న మాట ఎక్కడా రాయలేదు. ఆవిడకిచ్చే రసీదు మీద మాత్రం ఆయన సంతకం కాస్త నీటుగా ఉండేది. జనం దానికే మురిసిపోయారు.

రేటింగులు వచ్చాయి. నిర్మాత రోజూ వెయ్యమన్నాడు. మా బృందంలో ఒక పెద్దాయన ఉండేవారు, సీను కట్టడం నాకు నేర్పిన మనిషి. ఆయన ఒక ఎత్తు వేశారు. పోస్టుమాస్టరు ఆ అమ్మాయికి ఉత్తరం రాస్తాడు, అది ఆయన పోస్టాఫీసులోనే తప్పిపోతుంది. వారం రోజులకైతే బ్రహ్మాండమైన ఎత్తు. కానీ ఉత్తరం దొరకనివ్వలేదు. ఎవరో తమ్ముడి జేబులోకి వెళ్ళింది, పాత పేపర్ల కట్టలోకి వెళ్ళింది, బావిలో పడింది, బావిలోంచి పైకొచ్చింది. అది చాలదన్నట్టు ఒక హత్య పెట్టి దాన్నీ తేల్చలేదు, తేలిస్తే చూసేవాళ్ళు పోతారని. వద్దండీ, ఏదో ఒకటి ముడి విప్పండి అని నేను చెప్తూనే ఉన్నాను. "నీకు ఓపిక తక్కువమ్మా" అనేవారు. అమలాపురం నుంచి ఒకావిడ కార్డు ముక్క రాసింది: ఊరందరి ఉత్తరాలూ పంచేవాడికి ఎదురుగా వెళ్ళి ఒక్క మాట చెప్పే దమ్ము లేకపోతే ఆ పిల్లకి వేరే సంబంధం చూడండి, అని. ఆ కార్డు ఆయన ముందు పెట్టాను. నవ్వి పక్కన పెట్టారు. తర్వాత హీరోయిన్ వేసే అమ్మాయి పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళిపోయింది. ఆ పాత్రలో ఇంకో అమ్మాయిని పెట్టారు. చివరికి పోస్టుమాస్టర్ని జీపు కింద పడేశారు. ఆ ఉత్తరంలో ఏముందో మేమెవరం చెప్పనే లేదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు అడుగుతారు, ఏముందండీ అందులో అని.

సాగదీయడమే అక్కడ తప్పంటే నేను ఒప్పుకోను. వాళ్ళ మధ్య అడ్డం వాళ్ళ లోపల్నుంచి రాలేదు, అదీ తప్పు. డొరొతీ సేయర్స్ రాసిన హారియెట్ వేన్‌ని చూడు. 1930 నవలలో ఆవిడ హత్యానేరం మీద బోనులో ఉంటుంది. డిటెక్టివ్ లార్డ్ పీటర్ ఆవిణ్ణి ఉరినుంచి తప్పిస్తాడు, పెళ్ళాడమంటాడు. ప్రాణం కాపాడినవాడికి రుణపడి కాపురం చెయ్యడం ఆవిడకి ఇష్టం లేదు. సరేననడానికి 1935 నవల దాకా పట్టింది. ఒక్క ఉత్తరమూ తప్పిపోలేదే! బీబీసీ వాళ్ళు 1987లో దాన్ని తీసినప్పుడు ఆ పాత్ర వేసిన హారియెట్ వాల్టర్ ముఖంలో ఆ రుణం బరువు కనపడుతుంది. టీవీలో వచ్చే మిస్ స్కార్లెట్ కూడా అంతే. 1882 లండన్లో డిటెక్టివ్ పని చేసే ఆడది పెళ్ళంటే ఎందుకు జంకుతుందో ఎవరూ వివరించక్కర్లేదు.

అందుకే ప్రతి వారం హత్య తేల్చెయ్. అక్కడ మాట నిలబెట్టుకున్నావనుకో, ప్రేమ విషయంలో ఎంతకాలం ఊరించినా నిన్ను నమ్ముతారు. రెండూ ఒకేసారి ఎగ్గొట్టకు. మీ దేశంలో ఏడాదికి ఆరో ఎనిమిదో ఎపిసోడ్లు, అది అదృష్టమనుకో. మాకు ఆ సుఖం లేకపోయింది.

నటులు వెళ్ళిపోతారు, అది మాత్రం నీ చేతిలో ఉండదు. డెత్ ఇన్ ప్యారడైజ్ సీరియల్‌లో డిటెక్టివ్ రిచర్డ్ పూల్, అతనితో పనిచేసే కమీల్ గుర్తున్నారా? ఆ ఎండలో సూటు విప్పని మనిషి, అతన్ని చూసి నవ్వుకునే పిల్ల. 2014లో మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే అతన్ని మంచు గుచ్చే మేకుతో పొడిచి చంపేశారు. ఇద్దరూ ఏమీ చెప్పుకోలేదు. ఆ రోజు నేను భోజనం మానేశాను, మీ వదిన నవ్వింది. పదేళ్ళకి అదే సీరియల్ నా బాకీ తీర్చింది. 2024లో తర్వాతి డిటెక్టివ్ నెవిల్, అతనితో పనిచేసిన ఫ్లోరెన్స్ ఒకే పడవెక్కి వెళ్ళిపోయారు. నువ్వు ప్రతి సీజన్ చివరా ఏదో ఒకటి వాళ్ళ చేతిలో పెట్టు. ముద్దులే కానక్కర్లేదు. రేపు ఎవరు మానేసినా జీపు వెతుక్కునే పని లేకుండా ఉంటే చాలు.

ఇంకొక్కటి, ఇది గట్టిగానే చెప్తున్నాను. చివర్లో నీ ఫార్మసిస్టు రాత్రిపూట ఒంటరిగా కొండ అంచుకి వెళ్ళి హంతకుణ్ణి కలుస్తుంది. ఎందుకే? అగాథా కూడా అలా వెళ్తూనే ఉంటుంది, ప్రతిసారీ టీవీ మీద కేకలేస్తాను. వెళ్ళాల్సిందే అయితే ఎవరికైనా చెప్పి వెళ్ళనీ, ఆ కుర్రాడు ఆలస్యంగా రానీ, అప్పటికి ఆవిడే పని పూర్తిచేసి ఒడ్డున కూర్చుని ఉండనీ. నువ్వు కూడా "లొకేషన్ చూడటానికి" శనివారాలు ఒంటరిగా ఆ విట్‌బీలో తిరుగుతున్నావని మీ నాన్న నోరు జారాడు. ఆ 199 మెట్లెక్కి చర్చి చూడు, అబ్బే చూడు, వద్దనను. కింద ఇసుకలో మాత్రం పోటు వేళ చూసుకోకుండా నడవకు, నీళ్ళు వెనకనుంచి దారి మూసేస్తాయి అక్కడ. చిన్నప్పుడు ఉప్పాడలో మీ నాన్న గవ్వ కోసం వంగితే అల లాక్కుపోయింది. వాడి చొక్కా కాలరు నా చేతికి చిక్కింది కాబట్టి నువ్వున్నావు. వాడికి అది గుర్తు లేదు. వాడికి చెప్పకు కూడా.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆర్నెల్లు గొడవ చెయ్యకుండా ఉంటాడు, ఆ పూచీ నాది. రెండో ఎపిసోడ్ అవగానే పంపు, అక్షరాలు పెద్దవి చేసి పంపు. ఇంతకీ ఆ చర్చిలో గంటలు కొట్టే ముసలాయనేనా చంపింది? అయితే మార్చు. వర్షం పడని రోజున గొడుగు తెచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది.

మీ పెద్దత్త