‘ఇరువైపుల ఒత్తిడి’ అనొచ్చా?

సందేహం: గురువుగారికి నమస్కారం. నేను నల్లగొండలో సివిల్ డిప్లొమా చదువుతున్నాను. సైట్ రిపోర్టు తెలుగులో రాయమన్నారు. కడుతూ ఉన్న ఒక ఇంట్లో మూల పిల్లర్ పైభాగాన, బీముకు కాస్త కింద, సన్నటి అడ్డ పగుళ్లు చూశాను. ‘స్తంభం మీద ఇరువైపుల ఒత్తిడి పడినందున బీటలు వచ్చాయి’ అని రాశాను. యాక్సియల్ లోడ్‌ను ‘అక్షీయ భారం’ అని, బయాక్సియల్ లోడ్‌ను ‘ఇరువైపుల ఒత్తిడి’ అని అనొచ్చా? మా స్నేహితుడు ‘ద్వ్యక్ష’ అనాలంటాడు, నాకు నోరు తిరగడం లేదు. అసలు అక్షం అంటే కన్ను కదా? స్ట్రెస్, ప్రెషర్, టెన్షన్ మూడింటికీ పేపర్లలో ‘ఒత్తిడి’ అనే చూస్తున్నాను. ఏది సరైనది?

సమాధానం: మీ వాక్యంలో నన్ను ఆపేసిన మాట ‘ఇరువైపుల’. ముందు దాని సంగతి చూద్దాం.

తాడు గుంజే ఆట తలుచుకోండి. ఇటు పదిమంది, అటు పదిమంది. తాడును ఇరువైపుల నుంచీ గుంజుతున్నారు. కానీ ఆ గుంజుడంతా ఒకే గీత మీద ఉంది. అటువైపు వాళ్లు వదిలేస్తే తాడు జారి ఇవతల పడుతుందే తప్ప బిగుసుకోదు. అంటే ఒక వస్తువు బిగియాలన్నా, నలగాలన్నా బలం రెండు కొసల నుంచీ రావాల్సిందే. పిల్లర్ మీద పైనుంచి స్లాబు ఒత్తుతుంటే కింద నుంచి పునాది అంతే బలంతో ఎదురొత్తుతుంది. అదీ ‘ఇరువైపుల’ ఒత్తడమే. మీరు బయాక్సియల్‌కు, అంటే రెండు గీతల వెంట పడేదానికి, పెట్టిన మాట నిజానికి ఒకే గీత వెంట పడే యాక్సియల్‌కు సరిపోతోంది. చదివేవాడికి అర్థం తలకిందులవుతుంది.

ఇప్పుడు వడ్లు ఆరబోసే టార్పాలిన్‌ను నలుగురు నాలుగు అంచులు పట్టుకుని గుంజుతున్నారనుకోండి. వైపులు నాలుగు, అక్షాలు రెండే. తూర్పు పడమరలు కలిసి ఒక అక్షం, ఉత్తర దక్షిణాలు కలిసి ఇంకొకటి. లెక్క పెట్టాల్సింది కొసలను కాదు, గీతలను. ‘వైపు’ అన్న మాట కొసను చెబుతుంది. అక్షాన్ని చెప్పాలంటే అది చాలదు.

మన పోచంపల్లి, పుట్టపాక మగ్గాల దగ్గర దీనికి ఎప్పటినుంచో మాటలున్నాయి: పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం). నేసిన గుడ్డను పడుగు వెంట గుంజి చూడండి, పెద్దగా సాగదు. పేక వెంట గుంజినా అంతే. ఐమూలగా, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు గుంజండి, చదరపు గళ్లు డైమండ్ ఆకారంలోకి మారిపోయి గుడ్డ ఇట్టే సాగుతుంది. ఒకే గుడ్డ, ఒకే చెయ్యి, దిక్కు మారితే గుణం మారింది. నేతపని వాళ్ల ఇంట్లో పుట్టిన విద్యార్థికి రెండక్షాల భారం చెప్పాలంటే నేను ‘పడుగు దిక్కు, పేక దిక్కు’ అనే మొదలుపెడతాను.

ఇక అక్షం కన్నా? మీ అనుమానానికి ఆధారం లేకపోలేదు. సంస్కృతంలో కన్నుకు మాట ‘అక్షి’. సమాసం చివరికి వచ్చేసరికి అది ‘అక్ష’ అవుతుంది: పద్మాక్షుడు, ప్రత్యక్షం. మీకు అడ్డుపడింది ఇదే. విడిగా ‘అక్షం’ అన్నప్పుడు మాత్రం బండి ఇరుసు. చక్రం దేని చుట్టూ తిరుగుతుందో అది. అక్కడి నుంచే ఊహాగీతకూ ఆ పేరు వచ్చింది. భూమికి అక్షం ఉందంటాం, ఇరుసు ఉందని అనం. ఇరుసు చేతికి తగిలేది, అక్షం మనసులో గీసుకునేది. పిల్లర్ నట్టనడుమ, పైనుంచి కిందికి, నిట్టనిలువుగా ఒక గీత ఉందనుకుంటే దాని వెంట పడే భారం అక్షీయ భారం. మాట బాగుంది, వాడండి.

‘ద్వ్యక్ష’ కూడా తప్పు కాదు. ద్వి, అక్ష కలిస్తే యణాదేశ సంధి వచ్చి ద్వ్యక్ష అవుతుంది. ద్వ్యర్థి కావ్యం అని మనం అంటూనే ఉన్నాం కదా. ‘ద్విఅక్ష’ అని విడగొట్టి రాయడం మాత్రం నాకు నచ్చదు, రెండూ సంస్కృతం మాటలైనప్పుడు సంధి చేయకుండా వదిలేస్తే కుట్టు వేయని చొక్కాలా ఉంటుంది. నోరు తిరగకపోతే తేట తెలుగు దారి ఉంది: ‘రెండక్షాల భారం’. క్లాసులో గట్టిగా చదివినా వెనక బెంచీ దాకా అర్థమవుతుంది. నా ఓటు దీనికే.

ఒత్తిడి సంగతి కొంచెం పెద్దది. ‘ఒత్తు’ అంటే నొక్కు. కాబట్టి ఒత్తిడి నొక్కడానికే పేరు, గుంజడానికి కాదు. ‘తాడులో ఒత్తిడి’ అని రాస్తే తాడును ఎవరో నొక్కుతున్నారని అర్థం. తాడుకు ఉండేది బిగువు, పాఠ్యపుస్తకం మాటల్లో తన్యత. నొక్కితే సంపీడనం. నీళ్లో గాలో గోడల మీద చూపేది పీడనం. బతుకులో మనం ‘టెన్షన్ పడుతున్నా’ అన్నా ‘ఒత్తిడిలో ఉన్నా’ అన్నా ఒకటే, ఎవరికీ నష్టం లేదు. సైట్ రిపోర్టులో అట్ల కలిపేస్తే ఇనుము ఎక్కడ వేయాలో తెలియకుండా పోతుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది. గుంజుడుకు మాత్రం దాని బలం సుమారు పదో వంతే. గుంజుడు ఉన్న చోట సలాక వేయాలి. ‘ఒత్తిడి’ అని రాస్తే ఆ చోటు ఏదో చదివినవాడికి ఎట్ల తెలుస్తుంది?

స్ట్రెస్‌కు మన పుస్తకాల్లో ఉన్న ‘ప్రతిబలం’ నాకు చాలా ఇష్టమైన మాట. భారం బయటి నుంచి వస్తుంది. లోపల వస్తువు దానికి ఎదురు నిలుస్తుంది. అట్లా నిలిచిన బలం ఒక్కో చదరపు మిల్లీమీటరుకు ఎంత వస్తుందో అదే ప్రతిబలం. మాటలోనే ఎదురు నిలవడం ఉంది. ఆ బలానికి వస్తువు ఆకారంలో వచ్చే మార్పు వికృతి, అంటే స్ట్రెయిన్. ‘వికృతి’ తెలుగు విద్యార్థికి వ్యాకరణంలోనే పరిచయం: భారం ప్రకృతి, బరువు దాని వికృతి. మూలం నుంచి రూపం మారింది వికృతి. మాటలోనైనా, సలాకలోనైనా.

భారం, బరువు అన్న ఆ జంటను కూడా ఒకదాని బదులు ఒకటి వాడకండి. బరువు కిందికే దిగుతుంది. భారం ఏ దిక్కు నుంచైనా రావచ్చు. మన నాగార్జునసాగర్ దగ్గర నిలబడి చూడండి. 1955 డిసెంబర్ 10న పునాదిరాయి పడిన ఆ రాతికట్ట ఎత్తు 124 మీటర్లు. నీళ్లు దాన్ని అడ్డంగా తోస్తాయి, అది నీటి భారం. కట్ట పడిపోకుండా నిలిచేది తన సొంత బరువుతో. గాలి తోసినా, భూమి కదిలినా ఇంటి మీద పడేవి భారాలే, బరువులు కావు. ‘గాలి బరువు’ అంటే గాలిని తూకం వేసినట్టు ఉంటుంది.

మన క్రియలను కూడా ఒకసారి చూడండి, ఇవి నాకు పుస్తకాల పదాలకన్నా విలువైనవి. తాడు తెగుతుంది, విరగదు. కట్టె విరుగుతుంది, తెగదు. కుండ పగులుతుంది. వెదురు చీలుతుంది. కుక్కి నింపిన బస్తా కుట్టు దగ్గర పిగులుతుంది. అడుగున పడ్డ టమాటా నలుగుతుంది. పునాది కుంగుతుంది, గోడ ఒరుగుతుంది. ఏ బలం ఏ దిక్కున పనిచేసిందో క్రియే చెప్పేస్తోంది. పేపర్లలో అన్నిటికీ ‘దెబ్బతింది’ ఒక్కటే కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎండాకాలం మా ఊరి చెరువు అడుగున తిరుగుతుంటే కాలికింద నెర్రెలు. చిన్నప్పుడు ఆ పెళ్లలను ఎత్తి కింద ఏముందో చూసేవాళ్లం. పైన పొడిగా, అడుగున ఇంకా తడిగా, చల్లగా ఉండేది. నెర్రె అంటే ఉత్త పగులు కాదు. పైమట్టి ఎండి దగ్గరికి ముడుచుకోబోతుంది, అడుగు మట్టి కదలనివ్వదు. అప్పుడు పైపొర అన్ని దిక్కులా బిగుసుకుంటుంది. ఒక్క దిక్కు బిగువైతే గీతలు వరుసగా ఒకే తీరున పడేవి. రెండక్షాల బిగువు కాబట్టి గళ్లు గళ్లుగా, పలకలుగా విచ్చింది. గోడకు బీట, బీడుకు నెర్రె. నిఘంటువు రెండింటికీ పగులు అనే అర్థం ఇచ్చినా ఈ తేడాను పోగొట్టుకోకూడదు.

చేనులో బోరు పైపు దగ్గరా ఇదే పాఠం. గేటు వాల్వు మూసి ఉండగా మోటారు వేస్తే బలహీనమైన పైపు పొడుగునా చీలుతుంది. లోపలి పీడనం పైపు గోడను రెండు దిక్కుల గుంజుతుంది, పొడుగు వెంట ఒకటి, చుట్టూ కట్టు వేసినట్టు ఇంకొకటి. గోడ పల్చనిదైతే చుట్టు దిక్కు ప్రతిబలం పొడుగు దిక్కుకు సరిగ్గా రెట్టింపు. అందుకే ముందు ఓడేది చుట్టే, చీలిక పడేది పొడుగునా. ‘పైపు పగిలింది’ అని రాయకుండా ‘పొడుగునా చీలింది’ అని రాస్తే ఇంజనీరుకు సగం కారణం చెప్పినట్టే.

రెండు దిక్కుల భారం ఎప్పుడూ చెడుపే అనుకోకండి. కాంక్రీటును ఒక దిక్కే నొక్కితే అది పక్కలకు ఉబ్బి చీలుతుంది. పక్కల నుంచీ నొక్కి పట్టుకుంటే ఆ ఉబ్బు ఆగుతుంది. 1969లో జర్మనీకి చెందిన కుప్ఫర్, ఆయన సహచరులు ప్రచురించిన పరీక్షల్లో రెండు దిక్కుల సమానంగా నొక్కిన కాంక్రీటు, ఒక్క దిక్కు నొక్కినదానికన్నా సుమారు 16 శాతం ఎక్కువ తట్టుకుంది. పిల్లర్లో రింగులు దగ్గర దగ్గరగా కడితే లోపలి కాంక్రీటుకు ఇలాంటి ఆసరాయే దొరుకుతుంది.

ఇప్పుడు మీ మూల పిల్లర్. మా ఇల్లు కట్టేటప్పుడు సుతారి మేస్త్రి ఒక మాట అన్నాడు: “నడిమి పిల్లరుకు నాలుగు దిక్కుల బీములు పట్టుకుంటయి సారూ. మూలదానికి రెండే. అది రెండు దిక్కులా వంగ జూస్తది, అందుకే దానికి సలాక తగ్గించొద్దు.” ఇంతకన్నా తేటగా నేను చెప్పలేను. నడిమి పిల్లర్‌లో ఎదురెదురు బీములు ఒకదాన్నొకటి చాలావరకు సరిచేస్తాయి, భారం అక్షానికి దగ్గరగా దిగుతుంది. మూలలో ఎదురు బీము లేదు. పైభారం నిలువుగానే దిగుతున్నా పిల్లర్ రెండు అక్షాల చుట్టూ వంగుతుంది. కాబట్టి అక్కడ రెండైనవి భారాలు కావు, వంపులు. ‘రెండక్షాల వంపు’ అనాలి. అన్నట్టు, నిఖార్సైన అక్షీయ భారం కాగితం మీదే ఉంటుంది. కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 నియమావళి ఏ పిల్లర్‌కైనా భారం నడిమి గీత నుంచి కనీసం 20 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకునే డిజైన్ చేయమంటుంది.

బీము కింద, పిల్లర్ పైభాగాన అట్లా వంపు పడితే గుంజుడు వచ్చేది వెలుపలి ముఖాల మీద. గుంజుడుకు అడ్డంగానే పగులు పడుతుంది, మీరు చూసిందీ అడ్డ పగుళ్లే. అందుకని మీ వాక్యాన్ని ఇట్లా మార్చుకోండి: ‘మూల స్తంభం మీద అక్షీయ భారంతో పాటు రెండక్షాల వంపు పడింది. పైభాగంలో వెలుపలి ముఖాల మీద తన్య ప్రతిబలం పెరిగి అడ్డ పగుళ్లు వచ్చినట్టుంది.’

రిపోర్టు ఇచ్చేముందు ఇంకోసారి సైటుకు వెళ్లండి. పగుళ్లు వెలుపలి ముఖాలు రెండింటి మీదా ఉన్నాయా, ఒక్కదాని మీదే ఉన్నాయా చూడండి. ఒక్కదాని మీదే ఉంటే ‘రెండక్షాల’ అన్నది తీసేయాలి. ప్లాస్టరింగ్ పడకముందే వెడల్పు కొలిచి రాసుకుని, ఆ ఇంటి ఇంజనీరుకు చూపించండి.