టెక్ సందేహాలు: టాక్‌బ్యాక్ ఆపితేనే బ్యాంక్ యాప్ తెరుచుకుంటుందట!

‘‘నాకు చూపు లేదండి, చాలా ఏళ్లుగా స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తోనే ఫోన్ వాడుతున్నా. ఈమధ్య అప్‌డేట్ అయ్యాక బ్యాంక్ యాప్ తెరిస్తే ‘యాక్సెసిబిలిటీ సర్వీస్ ఆన్‌లో ఉంది, భద్రత కోసం ఆపేయండి’ అని చెప్పి దానంతటదే మూసుకుపోతోంది. అది ఆపేస్తే తర్వాత స్క్రీన్ మీద ఏముందో నాకెలా తెలుస్తుంది?’’

ఇదే ప్రశ్న వేరేవేరే వాళ్ల నుంచి వస్తూనే ఉంది, ఒక్కొక్కరిది ఒక్కో బ్యాంకు, మెసేజ్ మాత్రం ఇంచుమించు ఒకటే. ముందు మీరు చెయ్యాల్సింది చెప్తా. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి (చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్ల కోసం పెట్టిన సదుపాయాలు అక్కడుంటాయి) వెళ్లి, డౌన్‌లోడ్ చేసిన యాప్స్ అని విడిగా ఒక లిస్ట్ ఉంటుంది, అందులో ఏవేవి ఆన్‌లో ఉన్నాయో ఒక్కొక్కటీ వినండి. చాలాసార్లు బ్యాంక్ యాప్‌కి అనుమానం వచ్చింది టాక్‌బ్యాక్ మీద కాదు, ఎప్పుడో వేసుకుని మర్చిపోయిన కాల్ రికార్డరో క్లీనరో అక్కడ ఆన్‌లో ఉండిపోయి ఉంటుంది. దాన్ని ఆపి ఫోన్ రీస్టార్ట్ చేసి చూడండి. టాక్‌బ్యాక్ ఒక్కటే మిగిలినా యాప్ తెరుచుకోకపోతే తప్పు మీది కాదు, యాప్ చేసినవాళ్లది. యాప్ వర్షన్, ఆండ్రాయిడ్ వర్షన్, వచ్చిన మెసేజ్ ఉన్నదున్నట్టు రాసి బ్యాంకుకి లిఖితపూర్వకంగా కంప్లైంట్ పెట్టండి, అది తేలేదాకా బ్రౌజర్‌లో బ్యాంకు వెబ్‌సైట్ వాడుకోండి. టాక్‌బ్యాక్ ఆపేసి పక్కవాళ్లతో పిన్ కొట్టించుకోవడం మాత్రం వద్దండి, ఎంత దగ్గరివాళ్లైనా సరే.

యాప్ వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు, అది కూడా చెప్పాలి. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఉన్న యాప్ స్క్రీన్ మీద ఉన్న ప్రతి అక్షరం చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్‌కి అదంతా కావాలి, లేకపోతే అది పనే చెయ్యలేదు. దొంగ యాప్‌కి కావాల్సిందీ సరిగ్గా అదే. అనత్సా లాంటి బ్యాంకింగ్ ట్రోజన్లు, అంటే బ్యాంకు డబ్బు కొట్టేసే మారువేషం యాప్‌లు, పీడీఎఫ్ రీడర్ అనో క్యూఆర్ స్కానర్ అనో చెప్పుకుని ఫోన్‌లోకి దూరి ఈ పర్మిషనే అడుగుతాయి. ఒక్కసారి ఇచ్చారా, ఈ రకం ట్రోజన్లు ఓటీపీ చదివేస్తాయి, మిగతా పర్మిషన్లు వాటికవే నొక్కేసుకుంటాయి, మీరు అన్‌ఇన్‌స్టాల్ చేద్దామని వెళ్తే బ్యాక్ నొక్కి బయటికి తోసేస్తాయి కూడా.

అందుకే 2022లో ఆండ్రాయిడ్ 13 నుంచి, మెసేజ్‌లో వచ్చిన లింక్ పట్టుకుని వేసుకున్న యాప్‌కి ఈ పర్మిషన్ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతోంది, ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అంటుంది. దాన్ని తీసేసే దారి కూడా సెట్టింగ్స్‌లోనే ఉంది, మోసగాళ్లు ఫోన్లో మాట్లాడుతూ ఆ దారే ఒక్కో మెట్టూ చెప్పి నొక్కిస్తారు. అవతల ఎవరైనా సరే, బ్యాంకు నుంచి అన్నా కస్టమర్ కేర్ అన్నా, ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అలో చెయ్యండి’ అనో ‘స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోండి’ అనో అన్నారంటే ఫోన్ పెట్టేయండి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే యాప్ తెరుచుకోక విసిగిపోయి ఉన్న మనిషికి సాయం చేస్తానని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మెయ్యాలనే అనిపిస్తుంది.

మరి ప్రమాదం ఇంత ఉంటే బ్యాంకు ఆపమనడం తప్పెలా అంటారా? ఆపాల్సినవాటిని మాత్రమే ఆపట్లేదు, అన్నిటినీ ఆపేస్తోంది, అదీ తప్పు. ఏ సర్వీస్ ఆన్‌లో ఉందో పేరుతో సహా యాప్‌కి తెలుస్తుంది, ఫోన్‌తో పాటే వచ్చిన స్క్రీన్ రీడర్ ఏదో, నిన్న ఎక్కడి నుంచో వచ్చిన క్లీనర్ ఏదో వేరు చెయ్యొచ్చు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో అయితే ఇంకా తేలిక, పిన్ కొట్టే చోటు లాంటివి నిజమైన యాక్సెసిబిలిటీ టూల్స్‌కి మాత్రమే కనపడేలా డెవలపర్ గుర్తు పెట్టొచ్చు. ఇన్ని దారులుండగా ‘ఏదో ఒకటి ఆన్‌లో ఉంది, మూసెయ్’ అని ఒక్క లైన్ రాసి వదిలేస్తున్నారు. ఆ లైన్ వల్ల చూపులేని మనిషి తన పిన్ ఇంకొకరికి చెప్పుకోవాల్సి వస్తోంది. దీన్ని భద్రత అని ఎలా అనగలమో నాకైతే అర్థం కాదు.

‘‘గేమ్‌లో ఆటోమేటిక్‌గా ట్యాప్ చేసే యాప్ వేసుకున్నా, యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగితే ఇచ్చేశా, ఏమైనా అవుతుందా?’’

పైన రాసినదంతా అవ్వొచ్చు. ఇప్పుడే తీసేయండి. గేమ్ కోసం, టార్చ్ కోసం, వాల్‌పేపర్ కోసం ఈ పర్మిషన్ ఇచ్చేస్తున్నవాళ్లు ఇంతమంది ఉండబట్టే దొంగలకి ఇది ఇంత తేలికైన దారి అయింది, దాని భారం వచ్చి పడేది ఆ పర్మిషన్ లేకపోతే ఫోనే వాడలేని వాళ్ల మీద. మీకు కోపం వచ్చినా సరే, ఈ ముక్క చెప్పకుండా ఉండలేను.

‘‘ఫోన్ ఉన్నట్టుండి మాట్లాడుతోంది, రెండుసార్లు నొక్కితేగానీ ఏదీ తెరుచుకోవట్లేదు, వైరసా?’’

కాదండి, టాక్‌బ్యాక్ పొరపాటున ఆన్ అయింది. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే చాలా ఫోన్లలో ఆగిపోతుంది.

‘‘నలుగురిలో ఉన్నప్పుడు టాక్‌బ్యాక్ నా పాస్‌వర్డ్ పైకి చదివేస్తోంది.’’

టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లు చదివే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆపేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని టైప్ చెయ్యండి. టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్ దాచే ఆప్షన్ కూడా ఉంది, అది ఆన్ చేస్తే తెర నల్లగా ఉంటుంది, మీకు మాత్రం అన్నీ వినపడతాయి. చూపులేనివాళ్లకి వెనక ఎవరు తొంగిచూస్తున్నారో తెలీదు కాబట్టి బ్యాంకు పనులప్పుడు ఇది అలవాటు చేసుకుంటే మంచిది.

‘‘ఒక యాప్‌లో ఏది ముట్టుకున్నా ‘బటన్, లేబుల్ లేదు’ అనే అంటోంది.’’

అక్కడ ఉన్నప్పుడు టాక్‌బ్యాక్ మెనూ తెరవండి, లేబుల్ పెట్టుకునే ఆప్షన్ కనపడితే మీరే ఒక పేరు పెట్టుకోవచ్చు, కాకపోతే అన్ని బటన్లకీ ఆ ఆప్షన్ రాదు, యాప్ అప్‌డేట్ అయితే మీరు పెట్టిన పేరు పోవచ్చు కూడా. బొమ్మకి బదులు చదవడానికి అక్షరాలు ఇవ్వాలని వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల మొదటి వర్షన్‌లోనే, అంటే 1999లోనే, మొట్టమొదటి సూత్రంగా రాసిపెట్టారు. అదేమంత పెద్ద పనీ కాదు, బటన్ పక్కన కోడ్‌లో రెండు ముక్కలు. ప్రతి అప్‌డేట్‌కీ రంగులు మార్చడానికి, మెనూలు అటుదిటు జరపడానికి టైమ్ ఉంటుంది, దీనికి మాత్రం ఉండదు. కింద వరసలో ఎడమ నుంచి మూడో బటన్, అది నొక్కితే ఫలానా పేజీ వస్తోంది అని ఆ యాప్ డెవలపర్‌కి రాసి పంపండి. ఉత్తినే ‘యాప్ బాలేదు’ అంటే పక్కన పడేస్తారు, ఏ బటనో చెప్తే సరిచేసిన వాళ్లని నేను చూశాను.