పుస్తకం మధ్యలో తెరిచి చూడమ్మా

రాజోలు

చిరంజీవికి,
ఆశీస్సులు.

నీ ఉత్తరం గురువారం అందింది. మీ ఊరి లైబ్రరీకి ఆరు, ఏడు తరగతుల పిల్లల కోసం జీవిత చరిత్రలు కొనే పని నీకు అప్పజెప్పారని, ఏవి తీసుకోవాలో తేలక టెన్షన్ పడుతున్నానని రాశావు. పనిలో పనిగా మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి మీద నువ్వే ఒక పుస్తకం మొదలుపెడదామనుకుంటున్నానన్నావు. రెండూ ఒకటే పని అమ్మా. ఏది మంచి పుస్తకమో పట్టుకోగలిగితే, ఎలా రాయాలో సగం తెలిసినట్టే.

షాపులో మొదటి పేజీ చదివి ఏ పుస్తకమూ కొనకు. అది అందరికీ ఒకేలా ఉంటుంది. ఫలానా ఊళ్ళో, ఫలానా పుణ్యదంపతులకు జన్మించారు, చిన్ననాటి నుంచే చురుకైనవారు. చివరి పేజీ కూడా అంతే, బిరుదులు, సన్మానాలు, విగ్రహం. సరిగ్గా మధ్యకి తెరువు. ఆ మనిషికి ఇంకా పేరు రాని రోజులు, చేస్తున్న పని అవుతుందో లేదో తెలియని రోజులు అక్కడ కనిపిస్తున్నాయా? కనిపిస్తే కొను. ‘ఎన్నో కష్టనష్టాలకోర్చి’ అని ఒక్క ముక్కలో పదేళ్ళు దాటేస్తే మళ్ళీ బల్ల మీద పెట్టెయ్.

పదకొండేళ్ళ పిల్లలు ఉండేది ఆ మధ్యలోనే. లెక్కలు రావడం లేదు, నిన్నటిదాకా భుజం మీద చెయ్యేసి తిరిగిన స్నేహితురాలు ఇవాళ మాట్లాడటం లేదు, అన్నయ్యతో పోలుస్తూ ఇంట్లో రోజూ ఏదో ఒక మాట. పుట్టుకతోనే మేధావి అయిన మనిషి కథ వాళ్ళకి ఎందుకు అందుతుంది? దణ్ణం పెట్టి పక్కన పెట్టేస్తారు.

సుబ్బారావుగారి సంగతే చూడు. 1895లో మన భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాడు. ఆ రెండు తప్పడాలనీ చాలామంది మొహమాటంగా ఒక వాక్యంలో కప్పేస్తారు. నువ్వు కప్పకు. వైద్యం చదువుతుండగా ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్‌ఎంఎస్ అనే తక్కువ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇంట్లో అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. 1922లో అమెరికాలోని బోస్టన్ చేరాక రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసి పొట్టపోసుకున్నాడు. తర్వాతెప్పటికో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారుచేసింది. స్ప్రూకి వాడే మందుల్లో అదొకటి. తనవాళ్ళకి అందలేదు.

దీన్ని పిల్లలకి ఎలా అందించాలో ఒకసారి చూశాను. మా బడిలో బోదకాలు మాత్రలు పంచే రోజు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె అన్నం తిని వచ్చి, మాత్ర అరచేతిలో పెట్టుకుని మింగకుండా చూస్తూ నిలబడింది. ‘ఈ మందు కనిపెట్టిన బృందాన్ని నడిపింది భీమవరం ఆయనేనమ్మా, మూడోసారికి మెట్రిక్ పాసయ్యాడు’ అన్నాను. చేతిలోది అటూ ఇటూ తిప్పి చూసింది. ‘మూడోసారాండీ?’ అంది. మింగేసి, ఆయన పుస్తకం ఉందా అని అడిగింది. నా దగ్గర ఉన్న రెండింట్లోనూ ఆ మూడోసారి లేదు. ఆమెకి ఇవ్వడానికి చేతులు రాలేదు.

ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. 1948లో ఆయన అక్కడే పోయారు. ఇది రాయాలా వద్దా అని నీకు సందేహం వస్తుంది. రాయి. సంజాయిషీ చెప్పకు, తీర్పూ చెప్పకు, జరిగింది జరిగినట్టు రాయి. పెళ్ళాన్ని వదిలి దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళు మన కోనసీమలో ఎన్ని లేవు! ఆ ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలు ఆ పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగుతారు.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. ముప్పై ఏళ్ళ కిందట కాటన్ దొర మీద చిన్న పుస్తకం రాశాను. గోదావరి మీద ఆనకట్ట అంతా ఆయన ఒక్కడే ఎత్తినట్టు రాశాను. ధవళేశ్వరంలో ఒక బడిలో చదివి వినిపిస్తే, ముందు వరసలో కుర్రాడు లేచి ‘మరి రాళ్ళెవరు మోశారండీ?’ అన్నాడు. నా పుస్తకంలో జవాబు లేదు. ఆ పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మధ్యలో 1848లో దొర జబ్బుపడి ఆస్ట్రేలియా వెళ్ళిపోతే, కెప్టెన్ ఓర్ బాధ్యత తీసుకున్నాడు. 1850 దాకా దొర లేడు, పని ఆగలేదు. వీణం వీరన్నగారి లాంటివాళ్ళు దగ్గరుండి చేయించారు, వేలమంది కూలీలు ధవళేశ్వరం కొండరాయి మోశారు. ఇవన్నీ తెలిసి కూడా, కథ చిక్కగా రావాలని వదిలేశాను. ఇప్పటికీ ఆ కుర్రాడి ప్రశ్న నన్ను వదల్లేదు. చుట్టూ మనుషులే లేని జీవిత చరిత్రని నువ్వు లైబ్రరీలో పెట్టకు.

వీరేశలింగంగారి మీద పుస్తకాల్లో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారి కోసం వెతుకు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. ఆవిడే గోదావరి నుంచి నీళ్ళు మోసి వండి పెట్టింది. ఆ బిందె ఉన్న పుస్తకం కొను. బాల వితంతువు అంటే ఏమిటో సూటిగా చెప్పిన పుస్తకం కొను. పసిపిల్లలకి ఇవన్నీ ఎందుకు అని పెద్దవాళ్ళు గొణుగుతారు. ఆనాటి బాధ పడింది పసిపిల్లలే కదా.

డొక్కా సీతమ్మగారి దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. లంకల గన్నవరంలో వేళగాని వేళ తలుపు తట్టినా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఇప్పుడు బడి భోజనానికి ఆవిడ పేరే ఉంది, పిల్లలకి రోజూ తెలిసిన పేరు. కానీ ఆవిడ చుట్టూ కథలు బాగా అల్లుకున్నాయి. ఇంగ్లండు రాజు పట్టాభిషేకంలో ఆవిడ ఫొటోని కుర్చీలో పెట్టారన్న కథ నువ్వూ వినే ఉంటావు. అలాంటి చోట ‘అని చెప్పుకుంటారు’ అని ఒక్క మాట కలిపే రచయితని నమ్ము. మంచం కింద కూర్చుని విన్నట్టు ఎనభై ముక్కల సంభాషణ రాసేవాణ్ణి నమ్మకు. చెప్పుకునేదేదో, జరిగిందేదో విడదీయడం ఆ వయసులోనే అలవాటు కావాలి.

అక్షరాల సైజు, బొమ్మలు, కాగితం నీకే తెలుస్తాయి. ఒక్కటి మాత్రం చూడు. ఏడాదితో పాటు ఆ మనిషి వయసు కూడా వేశారా అని. 1908 అంటే పిల్లలకి ఏమీ తోచదు, పదమూడేళ్ళు అంటే తన పక్క బెంచీ గుర్తొస్తుంది.

కొన్న పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేయకు తల్లీ. వాన కాలంలో చెమ్మకి పాడైనా ఫర్వాలేదు, ఇళ్ళకి ఇచ్చి పంపు.

నీ పుస్తకం సంగతి. భీమవరం, తల్లిదండ్రులు, పుట్టిన తేదీ అన్నీ తర్వాత రాద్దువుగాని. బోస్టన్ ఆసుపత్రిలో ఆ రాత్రి డ్యూటీ రోజులున్నాయే, ముందు అవి రాసి పంపు. పదిహేను పేజీలు చాలు. సంక్రాంతికి మీ ఊరు వస్తాను, ఆరో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి ఇద్దరం చదివి చూద్దాం.

ప్రేమతో,
మీ మాస్టారు