గావ్‌డోస్ వెళ్తున్నారా? తిరుగు టికెట్ అప్పుడే కొనకండి

మీరడిగింది: అక్టోబరు చివర్లో ఇద్దరు పిల్లలతో గ్రీస్‌లోని గావ్‌డోస్ ద్వీపంలో వారం ఉండొచ్చా, అక్కడ బతుకు ఎలా ఉంటుంది, ఎనిమిదో రోజు ఏథెన్స్‌లో విమానం ఉంది అని. ఆ ఎనిమిదో రోజు దగ్గరే వచ్చింది చిక్కంతా.

గావ్‌డోస్‌కి ఉత్తరాన ఉన్న పెద్ద గ్రీకు ద్వీపం క్రీట్. అక్కడ చదువుకునే రోజుల్లో నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి జూన్‌లో. క్రీట్ దక్షిణ తీరంలోని హోరా స్ఫాకియోన్ రేవులో ఓడ ఎక్కి, కబుర్లు చెప్పుకుంటూ దిగిపోయాం. రెండోసారి నవంబరు. మూడు రోజులనుకుని వెళ్తే ఏడు రోజులయింది. గాలి ఒక స్థాయి దాటితే రేవు అధికారులు ఓడ కదలనివ్వరు. ఆ నిషేధాన్ని 'అపగొరెఫ్తికో' అంటారు. గ్రీకులో నాకు మొదట నోటికొచ్చిన పెద్ద మాట అదే! పొద్దున్నే కాఫీ కొట్టుకి వెళ్లడం, యజమాని తల పైకెత్తి 'త్చ్' అనడం, మళ్లీ గదికి రావడం. గ్రీకులకి 'లేదు' అంటే అదే. నా విమానం డబ్బులు పోయాయి, తప్పు ఎవరిదీ కాదు.

ద్వీపం మొత్తం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో 152 మంది. చలికాలంలో నిజంగా ఉండేది అంతకన్నా తక్కువే. కాస్త్రి ముఖ్య గ్రామం అంటారు గానీ, మన లెక్కన అది నాలుగిళ్ల పల్లె. కరావే రేవు. తూర్పు, ఉత్తరాల్లో సారాకినికో, అయియోస్ యోయానిస్ లాంటి ఇసుక తీరాలు. ఇసుకలోంచే జునిపెర్ చెట్లు మెలికలు తిరిగి లేస్తాయి, వేసవిలో వాటి కిందే గుడారాలు. పడమటి వైపు నిట్టనిలువు కొండచరియలు, పిల్లల్ని అటు వదలకండి.

దక్షిణ కొస పేరు త్రిపితి. కెరటాలు తొలిచిన రాతి కమానులు, పైన ఒక పెద్ద కుర్చీ. కానరీ దీవుల్లాంటివి పక్కన పెడితే ఐరోపాకి అదే దక్షిణపు చివర. ఆఫ్రికాలోని ట్యూనిస్ నగరం కంటే కూడా కిందికి ఉంది. అయినా మన శ్రీనగర్ కంటే కాస్త ఉత్తరానే! ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా లిబియా దాకా నీళ్లే. అక్కడి తోబ్రుక్ రేవు దాదాపు 300 కిలోమీటర్లు. ఈమధ్య కొన్నేళ్లుగా అటునుంచి వలస జనం చిన్న పడవల్లో ఇక్కడికే చేరుతున్నారు.

బైబిల్ చదివేవారికి ఈ చోటు తెలిసే ఉంటుంది. అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కి ఒక చిన్న ద్వీపం చాటుకి చేరుతుంది కదా, ఆ 'కౌద' ఇదే. నేను ఇరుక్కున్నప్పుడు ఆ అధ్యాయం మళ్లీ చదువుకున్నాను, ధైర్యమేం రాలేదు. 1930ల్లో ప్రభుత్వం కమ్యూనిస్టుల్ని ప్రవాసానికి పంపింది కూడా ఇక్కడికే. తర్వాత గ్రీకు అంతర్యుద్ధంలో కమ్యూనిస్టు సేనని నడిపిన మార్కోస్ వాఫియాదిస్ వాళ్లలో ఒకరు.

బతుకు ఎలా ఉంటుందో చూడాలంటే ఓడ వచ్చే రోజు రేవుకి వెళ్లండి. ఆ ఏడో రోజు నేను చూశాను. ఓడ ఇంకా ఆనకముందే పికప్ బళ్లు వెనక్కి తిరిగి వరసగా నిలబడ్డాయి. ఉల్లిగడ్డల బస్తాలు, గ్యాస్ బండలు, మేకల దాణా, మందుల పొట్లాలు దిగాయి. ప్రతి పెట్టె మీదా మార్కర్‌తో ఎవరి పేరు వాళ్లది. ఒక ముసలాయన తన పెట్టె దొరక్క మొత్తం దించినవన్నీ మళ్లీ మొదటి నుంచి తిప్పి చూశాడు. చివరికి దాని మీదే కూర్చుని ఉన్నాడని తేలింది.

తిండికి భయపడకండి. అడవి ఆకుకూరలు ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పోస్తారు, 'హోర్తా' అంటారు. 'ఫావా' అంటే మన ముద్దపప్పే, తాలింపు ఒక్కటే తక్కువ. డాక్టరు ఉంటారు గానీ పెద్ద జబ్బయితే హెలికాప్టర్లో క్రీట్‌కి తీసుకెళ్లాల్సిందే. పిల్లల జ్వరం మందులు, చేతి నిండా నగదు ముందే పట్టుకెళ్లండి.

నా మాట వింటే ద్వీపానికి నాలుగు రోజులు, మిగతా మూడూ క్రీట్‌లో పెట్టుకోండి. ముందు ద్వీపం, తర్వాత క్రీట్. ఈ వరస మాత్రం తిరగేయకండి.