వంటింటి ఉత్తరాలు: రేపు ఎలా ఉంటుందో తెలియని రోజుల్లో

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బెంగ. జీతం వస్తుందో రాదో, వాన ఎప్పుడు ముంచుతుందో, వచ్చే నెల సరుకులు ఏ ధర పలుకుతాయో. అందుకని సున్నుండల సందేహాలు, ఊరగాయల సందేహాలు వచ్చే సంచికకు ఉంచి, నాలుగు ఉత్తరాలకే నిదానంగా జవాబు రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మేది ముందే చెప్పేస్తాను. భయపడి సరుకులు పోగెయ్యకండి. మీ ఇంట్లో మామూలుగా తినేవే నాలుగు రోజులకు ఎక్కువ ఉంచుకోండి. చేతిలో ఎంత తక్కువ ఉన్నా, ఇంట్లో వండటం మాత్రం మానకండి.

ప్రశ్న: మావారి దుకాణం కొన్నాళ్లుగా సరిగ్గా నడవట్లేదు. ఈ నెలాఖరులో పాప పుట్టినరోజు. కేకు కావాలంటోంది. బేకరీలో కొనే వీలు లేదు, ఇంట్లో ఓవెన్ లేదు. వీడియో చూసి కుక్కర్లో ఒకసారి చేశాను. మధ్యలో గుంట పడింది, అడుగు మాడింది. పిండి, నూనె మళ్లీ పారబోసే స్థితిలో లేను. తప్పకుండా కుదిరే పద్ధతి చెప్పండి. (వరంగల్ నుంచి ఒక తల్లి)

తల్లీ, కేకు మధ్యలో గుంట పడిందంటే ఉడికేలోపు మూత తీసి చూసి ఉంటారు, లేదా పిండి కలిపి చాలాసేపు పక్కన పెట్టి ఉంటారు. వంటసోడాకు పెరుగులో పులుపు తగలగానే బుడగలు పుడతాయి. ఆ బుడగలు ఉండగానే పిండికి వేడి తగిలి గట్టిపడాలి. ఆలస్యమైతే బుడగలు పోయి కేకు కూలబడుతుంది. అందుకని పొయ్యి ముందు, పిండి తర్వాత.

రోజూ పప్పు వండే కుక్కరు మాత్రం వాడకండి. నీళ్లు లేకుండా అంతసేపు కాలితే అది పాడవుతుంది. మందపాటి అల్యూమినియం గిన్నె, దానికి సరిపోయే బరువైన మూత చాలు. గిన్నెలో అంగుళం మందాన కల్లుప్పు పరవండి, దాని మీద చిన్న స్టాండు పెట్టండి. మూత పెట్టి మధ్యరకం మంట మీద పది నిమిషాలు కాగనివ్వండి. ఆ ఉప్పు కూరలకు పనికిరాదు కానీ కేకులకు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, చల్లారాక ఒక డబ్బాలో పోసుకోండి.

గిన్నె కాగే లోపల పిండి కలపండి. మైదా ఒక కప్పు, గోధుమపిండి అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింబావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను, చిటికెడు ఉప్పు. ఇవన్నీ కలిపి రెండుసార్లు జల్లించండి. ఈ పని పాపకు అప్పగించండి, సంబరంగా చేస్తుంది. ఇంకో గిన్నెలో ఒక కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార వేసి, పంచదార కరిగేదాకా గిలకొట్టి, అర కప్పు నూనె, ఏలకుల పొడి కలపండి. వేరుశనగ నూనె వాసన కేకులో తెలిసిపోతుంది కాబట్టి వద్దు. యుక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో పొద్దుతిరుగుడు నూనె ధర మండిపోయినప్పుడు నేను తవుడు నూనెతో చేశాను, రుచిలో ఏ తేడా రాలేదు. ఈ రెండింటిలో మీ ఇంట్లో ఏది ఉంటే అది పొయ్యండి.

గిన్నె బాగా కాగాకే పొడిపిండి తెచ్చి పెరుగు మిశ్రమంలో మూడు విడతలుగా వెయ్యండి. ఉండలు పోయేదాకా కలిపితే చాలు, ఎక్కువ కలిపితే గట్టిపడుతుంది. దోసెల పిండి కంటే చిక్కగా ఉండాలి. మరీ గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు పొయ్యండి. నూనె రాసి, పొడిపిండి చల్లిన చిన్న గిన్నెలో సగానికి కాస్త పైదాకా పోసి, వెంటనే స్టాండు మీద పెట్టి మూత పెట్టండి. మంట బాగా తగ్గించండి. అరగంట దాకా మూత ముట్టుకోవద్దు, పాప ఎంత బతిమాలినా సరే. నలభై నిమిషాలకు సన్నటి చాకు మధ్యలో గుచ్చి చూడండి. పిండి అంటకుండా వస్తే అయినట్టే, అంటితే ఇంకో ఐదారు నిమిషాలు.

వంటసోడా లేదని బేకింగ్ పౌడరు, బేకింగ్ పౌడర్ లేదని వంటసోడా, అదే కొలతలో వెయ్యకండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. బేకింగ్ పౌడర్ పాతదైతే అర చెంచా వేడినీళ్లలో వేసి చూడండి. బుస్సుమని పొంగకపోతే దాంతో కేకు మొదలుపెట్టకండి.

పైన క్రీము లేదని బాధపడకండి. ఎండుకొబ్బరి తురుము చల్లి, టూటీ ఫ్రూటీతో పాప పేరు రాయండి. పాపకు నా దీవెనలు.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు బియ్యం, పప్పు ఉండి కూడా వండుకోలేకపోయాం. ఇప్పుడు మబ్బు పట్టిందంటే కాళ్లూ చేతులూ ఆడవు. వానాకాలానికి ఇంట్లో ఏం పెట్టుకోవాలి? (ఒక గృహిణి)

అమ్మా, ఆ రోజుల్లో డ్రోన్లతోనూ హెలికాప్టర్లతోనూ మీ కాలనీలకు ఆహారం అందించడం టీవీలో చూస్తుంటే ముద్ద దిగలేదు. మీకు ఆ భయం ఉండటంలో ఆశ్చర్యం లేదు, దాన్ని పిరికితనం అనుకోకండి.

వరదలో నేల మీది బస్తా తడుస్తుంది, పొయ్యి మునుగుతుంది, మంచినీళ్లు ఉండవు. కాబట్టి మీకు పొయ్యి అక్కర్లేని తిండి కావాలి. అది మన పెద్దవాళ్లకు తెలిసిన తిండే. తొలి ఏకాదశికి పేలాలు దంచి బెల్లం కలిపి పేలపిండి చేస్తాం కదా, వానలు బలపడక ముందే ఆ పండగ వస్తుంది. ఈసారి పండగకు రెండింతలు చెయ్యండి. తడి తగలని డబ్బాలో ఉంటే బాగా నిలుస్తుంది, పిల్లలు వట్టిదే తింటారు.

దాంతోపాటు పలచటి అటుకులు, పుట్నాలు, వేరుశనగ ఉండలు, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ. పలచటి అటుకుల మీద గుప్పెడు నీళ్లు చల్లి, ఊరగాయ కలుపుకుంటే పూట గడుస్తుంది. ఇంటిల్లిపాదికీ మూడు రోజులకు సరిపడా మూత బిగిసే స్టీలు డబ్బాల్లో పెట్టి అటక మీదికి ఎక్కించండి. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన పైనే పెట్టుకోండి. నెలకోసారి డబ్బాలు దించి, ఉన్నవి తినేసి కొత్తవి నింపండి. పండగకో చుట్టాలకో అని దాచకండి, ముక్కవాసన వస్తుంది.

నీళ్లు తీశాక ఇంకో మాట. వరద నీరు తగిలిన బియ్యం, పిండి, పప్పు ఎండబెట్టి వాడకండి. మనసొప్పదు, నాకు తెలుసు. అయినా పారెయ్యండి, అందులో మురుగు కలిసి ఉంటుంది. కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచితే నాలుగు గంటలు ఆగుతుంది. ఆ తర్వాత పాలు, వండిన కూరలు నమ్మొద్దు. తాగే నీళ్లు కళపెళా మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు విశాఖలో మా అక్క ఇంట్లో ముందుగా ఖాళీ అయినవి నీళ్లే. బియ్యం మిగిలాయి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ముగ్గురం ఒక గదిలో ఉంటున్నాం. మా ఆఫీసులో జీతాలు ఆలస్యమవుతున్నాయి. ఇన్నాళ్లూ ఫోన్లో ఆర్డరు పెట్టుకుని తిన్నాం. చిన్న సిలిండరు, ఒక కుక్కరు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? (హైదరాబాద్)

నాయనా, అన్నం, పప్పు, చారు. ఈ మూడూ వస్తే నెల గడుస్తుంది. కందిపప్పు పిరమైతే సగం పెసరపప్పు కలపండి, త్వరగా ఉడుకుతుంది. పప్పు అరగంట నానబెట్టి వండితే గ్యాస్ కలిసొస్తుంది. కుక్కరు ఆవిరి దానంతట అదే తగ్గేదాకా ఆగండి, ఆ వేడికే ఇంకాస్త ఉడుకుతుంది. రైతుబజారుకు సాయంత్రం పొద్దుపోయాక వెళ్లండి, మిగిలిన ఆకుకూరలు చవకగా ఇచ్చేస్తారు. పప్పులో అవే వెయ్యండి.

వండే ఓపిక లేని రాత్రి పచ్చిపులుసు చేసుకోండి. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు బెల్లం పిసికి, పైన తాలింపు. పొయ్యి వెలిగేది రెండు నిమిషాలే. ఒక్కో రోజు ఒక్కరు వండండి, ముగ్గురూ ఒకేసారి కూర్చుని తినండి. ఇంటి దగ్గర అమ్మకు ఏం వండారో ఫోన్లో చెప్పండి, ఆవిడకు నిద్రపడుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. మావారి ఉద్యోగం పోయింది. ఇక్కడ ఎన్నాళ్లు ఉండగలమో తెలియదు. 2023లో బియ్యం కోసం దుకాణాల ముందు వరసలు చూశాక ఇంట్లో బస్తాలు పెట్టుకోవడం అలవాటైంది, ఇప్పుడు వాటికి పురుగు పట్టింది. ఆయన రోజంతా మాట్లాడకుండా కూర్చుంటున్నారు. (పేరు రాయవద్దన్నారు)

అమ్మాయ్, 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు మా చెల్లెలి కూతురు కూడా మీలాగే కంగారు పడింది. ఆ ఆంక్ష 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఇప్పుడు రెండు నెలల బియ్యానికి మించి వద్దు. ఇల్లు మారాల్సి వస్తే ఆ బస్తాలు మీకు బరువు. పురుగు కొద్దిగానే ఉంటే జల్లించి, సంచుల్లో కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టండి, గుడ్లు కూడా చస్తాయి. తర్వాత గాలి చొరని డబ్బాల్లో పొయ్యండి.

ఇడ్లీ పిండి మానకండి. మినప్పప్పు మీద ఉండే సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి, ఈస్టు కొనక్కర్లేదు. చలికాలంలో ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నె అందులో పెట్టండి.

మీవారి చేతికి ఒక పని ఇవ్వండి. ఏం చెయ్యాలని ఆయన్ను అడగొద్దు, బ్రెడ్ చెయ్యమని ఈ కొలతలు చేతికివ్వండి. రాత్రి పడుకోబోయే ముందు మూడు కప్పుల బ్రెడ్ పిండి, పావు టీస్పూను ఈస్టు, ఒకటింబావు టీస్పూను ఉప్పు, ఒకటిన్నర కప్పు నీళ్లు గరిటెతో కలిపి మూత పెట్టమనండి. పిసకక్కర్లేదు. పన్నెండు గంటల తర్వాత, పైన బుడగలు కనిపించాక, పొడిపిండి చల్లిన బల్ల మీద మడతలు పెట్టి గుండ్రంగా చేసి గంటన్నర ఆగమనండి. మూత ఉన్న బరువైన ఇనుప గిన్నెను ఓవెన్లో 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అరగంట కాల్చి, అందులో పిండి జారవిడిచి, మూతతో ముప్పై నిమిషాలు, మూత తీసి పదిహేను నిమిషాలు ఉంచాలి. కాలిన గిన్నె పట్టుకునేటప్పుడు మందపాటి చేతిగుడ్డలు వాడమనండి. ఖర్చు తక్కువ, ఉదయం లేవగానే చూసుకోవడానికి ఒక పని ఉంటుంది.

మీ ఆవకాయ నూనె రాసుకుని తినండి, బాగుంటుంది. కానీ ఓవెన్లోంచి తీసిన వెంటనే కొయ్యకండి. గంటసేపు ఆరనివ్వాలి, లేకపోతే లోపల జిగురుగా ఉంటుంది.