ఇంట్లో ఉన్న జలుబు సిరప్ రీకాల్ అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మూడేళ్ల పాపకి మెడికల్ షాపులో తెచ్చిన జలుబు సిరప్ సగం మిగిలి ఉందని, ఆ మందుని కంపెనీ వెనక్కి తీసుకుంటోందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిందని, ఇప్పుడు వాడొచ్చా, పారేయాలా అని అడిగారు. ముందు జవాబు చెప్పేస్తాను. వాడకండి, అప్పుడే పారేయకండి కూడా. మూత గట్టిగా బిగించి పాపకి అందని చోట పెట్టండి. లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, తయారు చేసిన కంపెనీ పేరు, ఊరు స్పష్టంగా కనపడాలి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను. నేను ఫార్మసిస్టుని. హనుమకొండలో చాలా ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. రీకాల్ అంటే ఏం జరుగుతుందో కౌంటర్ వెనక నిలబడి చూసినవాణ్ని.

వాట్సాప్ మెసేజ్‌లో మందు పేరు ఒక్కటే ఉంటే దానితో ఏమీ తేలదు. రీకాల్ ఎక్కువగా ఒక బ్యాచ్‌కి, అంటే ఒక విడతలో కలిపి తయారు చేసిన బాటిళ్లకి, వస్తుంది. ఒకే పేరుతో ఉన్న సిరప్‌లో ఒక బ్యాచ్ ప్రాణాలు తీయొచ్చు, ఇంకొకటి బాగానే ఉండొచ్చు. 2025 అక్టోబరులో మనందరం విన్న కోల్డ్రిఫ్ అనే సిరప్ సంగతే చూడండి. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో, ముఖ్యంగా పరాసియా వైపు, జలుబు, జ్వరంతో ఉన్న చిన్నపిల్లలకి ఆ సిరప్ పట్టారు. తర్వాత వాళ్లకి మూత్రం ఆగిపోయింది, కిడ్నీలు చెడిపోయాయి. ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. తయారు చేసింది తమిళనాడు కాంచీపురంలోని స్రేసన్ ఫార్మా, బ్యాచ్ నంబరు ఎస్ఆర్-13. తమిళనాడు అధికారులు పరీక్ష చేయిస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని తేలింది. ఉండదగ్గ గరిష్ఠ పరిమితి 0.1 శాతం. అంటే బాటిల్‌లో దాదాపు సగం విషమే.

ఈ విషం సిరప్‌లోకి ఎలా వస్తుందని షాపులో చాలామంది అడుగుతారు. సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి ద్రవం వాడతారు. మందుల తయారీకి పనికొచ్చే శుద్ధమైన రకం ఖరీదు ఎక్కువ. పరిశ్రమల్లో వాడే రకం చవక, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉండే ప్రమాదం ఉంది. ఆ ద్రవం డ్రమ్ము ఫ్యాక్టరీకి రాగానే పరీక్ష చేస్తే దొరికిపోతుంది. ఆ పరీక్ష చేయకుండా వదిలేసిన చోటే ఇలాంటి ఘోరాలు జరుగుతాయి. 2022లో గాంబియాలో మన హర్యానా కంపెనీ సిరప్‌లు తాగిన పిల్లలు చనిపోయిన విషయంలో, అదే ఏడాది ఉజ్బెకిస్తాన్‌లో, అంతకుముందు 2019-20లో జమ్మూ దగ్గర రామ్‌నగర్‌లో చర్చకు వచ్చింది ఈ విషమే. ఇన్నిసార్లు జరిగినా డ్రమ్ము దగ్గరే ఆపలేకపోతున్నారంటే నాకు చాలా కోపం వస్తుంది.

డైఇథిలీన్ గ్లైకాల్‌కి రంగు లేదు, రుచి తియ్యగా ఉంటుంది. కాబట్టి వాసన చూసి, నాలుక మీద వేసుకుని, వెలుతురులో పెట్టి చూసి ఎవరూ కనిపెట్టలేరు, నేనూ కనిపెట్టలేను. లేబుల్ మీద నంబరు ఒక్కటే ఆధారం. అందుకే ఫొటో తీయమన్నది.

ఇప్పుడు షాపులో ఏం జరుగుతుందో చెప్తాను. 2025లో దసరా అయిన వెంటనే తెలంగాణ డీసీఏ, అంటే మన డ్రగ్ కంట్రోల్ వాళ్లు, ఎస్ఆర్-13 బ్యాచ్ వాడకం ఆపేయమని హెచ్చరిక ఇచ్చారు. ఆ తర్వాత గుజరాత్‌లో తయారైన రిలైఫ్, రెస్పిఫ్రెష్ టీఆర్ సిరప్‌ల మీద కూడా ఇచ్చారు. ఆ మందులు మా షాపులో ఎప్పుడూ లేవు. అయినా ఆ వారమంతా తల్లులు ఇంట్లో ఉన్న సిరప్‌లన్నీ సంచిలో వేసుకుని వచ్చారు. కొన్నిటికి లేబుల్ ఊడిపోయింది. కొన్నిటికి అట్టపెట్టె లేదు, బాటిల్ మీద నంబరు సిరప్ కారి చెరిగిపోయింది. ఇంకో ఆవిడ పెద్ద సీసాలోది చిన్న సీసాలోకి వంచి ఊళ్లో ఉన్న అత్తమ్మకి పంపిందట. చిన్న సీసా మీద ఏ పేరూ లేదు. అలాంటివాటిని చూసి చెప్పగలిగింది ఒక్కటే, దాన్ని ఇక ఎవరికీ పట్టకండి అని.

అంతకుముందు వేరే సంగతి ఒకటుంది. ఒక దగ్గు సిరప్ బ్యాచ్ నాణ్యత పరీక్షలో ఫెయిల్ అయిందని స్టాకిస్టు నుంచి, అంటే మాకు మందులు సరఫరా చేసే హోల్‌సేల్ వాళ్ల నుంచి, ఫోన్ వచ్చింది. అందులో విషం లేదు, మందు ఉండాల్సినంత లేదు, అంతే. ర్యాకులో ఉన్న బాటిళ్లు అదే సాయంత్రం తీసి డబ్బాలో కట్టి వెనక్కి పంపాం. అమ్మేసినవాటి సంగతే కష్టమైంది. బిల్లు చేయించుకుని ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లకి మా కుర్రాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. మిగతావాళ్లు ఎవరో మాకు తెలియదు. 'అన్నా, పిల్లాడికి దగ్గు, ఏదన్నా ఇయ్యి' అని వచ్చి, డబ్బులిచ్చి వెళ్లిపోయిన వాళ్లని ఎక్కడని వెతుకుతాం? కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నియమాల ప్రకారం ప్రాణాపాయం ఉన్న మందుని 24 గంటల్లో, ఎక్కువలో ఎక్కువ 72 గంటల్లో వెనక్కి తీసుకోవాలి. గోదాముల నుంచి, షాపుల నుంచి తేవడం అయ్యే పనే. మీ ఇంటి ఫ్రిజ్ మీద ఉన్న బాటిల్ దగ్గరికి మాత్రం మీ బిల్లు ఆధారంగానే రాగలం. ఇరవై రూపాయల మందుకైనా బిల్లు అడగండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు పడిందో లేదో అక్కడే చూసుకోండి. ఇస్తామని చెప్పి ఇవ్వని షాపు అయితే ఇంకో షాపుకి వెళ్లండి.

అమ్మేసిన బాటిల్‌ని వెతకడం అసాధ్యం అనుకునేవాళ్లకి నేను 1937 అమెరికా కథ చెప్తుంటాను. ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే మందుని అక్కడి కంపెనీ ఒకటి ఇదే డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు ఊరూరా తిరిగి షాపుల చీటీలు, డాక్టర్ల రికార్డులు చూసి ఇంటింటికీ వెళ్లారు. తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకి పైగా పట్టుకొచ్చారు. ఫోన్లు కూడా సరిగా లేని రోజుల్లో, కాగితం ముక్కలు ఉండబట్టే అది అయింది. మరుసటి ఏడాది 1938లో, మందు అమ్మే ముందే అది సురక్షితమని చూపించాలని అక్కడ చట్టం తెచ్చారు.

పాప ఆ సిరప్ ఇప్పటికే తాగింది కదా అని మీకు టెన్షన్‌గా ఉంటుంది. మీ బాటిల్ నంబరు హెచ్చరికలో ఇచ్చిన బ్యాచ్‌తో కలవకపోతే, పాప మామూలుగా ఆడుకుంటూ మూత్రం మామూలుగా పోస్తుంటే కంగారు పడకండి. బ్యాచ్ కలిసినా, లేదా నంబరు తెలియక పాపకి వాంతులు, కడుపునొప్పి, మత్తుగా పడి ఉండడం, అన్నిటికన్నా ముఖ్యంగా మూత్రం తగ్గడం కనిపించినా, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు, డయాలసిస్ సౌకర్యం రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. బాటిల్ వెంట తీసుకెళ్లండి. 'ఈ సిరప్ పట్టాం, కిడ్నీ పరీక్ష చేయండి' అని మీరే చెప్పండి. జ్వరం వల్ల నీరసం అని తేలిగ్గా తీసుకుంటే విలువైన టైమ్ పోతుంది. డైపర్ ఎన్ని గంటలకి తడిసిందో గుర్తుపెట్టుకుని చెబితే డాక్టరుకి చాలా ఉపయోగం.

మీరు అడగలేదు గానీ చెప్పాలి. మూడేళ్ల పాపకి ఈ సిరప్ అసలు అవసరమా? 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకి రాసిన సూచనలో రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకి కూడా సాధారణంగా సిఫారసు చేయరని చెప్పింది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్‌ల మీద నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని రాయాలని 2023 డిసెంబరులోనే ఆదేశం వచ్చింది. మీ బాటిల్ వెనక ఈ రెండు పేర్లు ఉన్నాయేమో చూడండి. జలుబు ఎక్కువగా దానంతట అదే తగ్గుతుంది. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటిన పిల్లలకైతే పడుకునే ముందు కొంచెం తేనె చాలు. ఊపిరి వేగంగా తీస్తున్నా, పక్కటెముకలు లోపలికి పోతున్నా, పాలు, నీళ్లు తాగకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది సిరప్‌తో తగ్గే జబ్బు కాదు. షాపులో అడిగితే సిరప్ ఇవ్వకుండా ఈ మాటలు చెప్పి పంపినప్పుడు కొందరు నొచ్చుకుని పక్క షాపుకి వెళ్తారు. అయినా చెప్పడం మానలేదు.

ఇది చదివే అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లకి ఒక మాట. మనవళ్ల కోసం ఇక్కడి నుంచి సూట్‌కేసులో సిరప్‌లు పంపే అమ్మమ్మలు, నానమ్మలు నాకు చాలామంది తెలుసు. ఇక్కడ రీకాల్ వస్తే ఆ కబురు మీ ఊరి ఫార్మసీకి రాదు. మీరు ఉంటున్న అమెరికాలోనే 2007లో రెండేళ్ల లోపు పిల్లల జలుబు మందులని కంపెనీలు మార్కెట్ నుంచి తీసేశాయి. ఆ మరుసటి ఏడాది నాలుగేళ్ల లోపు వాళ్లకి వద్దని లేబుల్ మార్చాయి. అక్కడే వద్దన్న వయసు పిల్లలకి ఇక్కడి నుంచి తెప్పించుకుని పట్టకండి.

మళ్లీ మీ బాటిల్ దగ్గరికి వస్తే, లేబుల్ మీద 'మార్కెటెడ్ బై' పక్కన ఉన్నది అమ్మే కంపెనీ, 'మాన్యుఫ్యాక్చర్డ్ బై' పక్కన ఉన్నది తయారు చేసిన కంపెనీ. హెచ్చరికలో ఇచ్చిన తయారీ కంపెనీ, బ్యాచ్ రెండూ మీ లేబుల్‌తో పోల్చండి. బ్యాచ్ కలిస్తే కొన్న షాపులో ఇచ్చి, తీసుకున్నట్టు బిల్లు మీద రాయించుకోండి. షాపువాళ్లు తీసుకోకపోతే తెలంగాణలో డీసీఏ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కి ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి చెప్పండి. సిరప్‌ని సింకులో పోయొద్దు, వాళ్లకి పరీక్షకి అదే కావాలి. ఫొటోలో ఏమైనా అర్థం కాకపోతే బ్యాచ్ నంబరు, కంపెనీ పేరు ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.